ముప్పై గ్రాములు

ఫర్నేస్ క్వార్టర్స్, రెండో వరస
ఫిబ్రవరి 20

డాక్టరమ్మకి,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నీ రిపోర్టు సంగతి తేలాలి.

నిన్న మేనేజరు మా నలుగురినీ గదిలోకి పిలిచాడు. కూర్చోమని కూడా అనకుండా నువ్వు సంతకం పెట్టిన కాగితం చదివాడు. "ఫర్నేస్ సిబ్బంది షెడ్యూలు పాటించకపోవడం వల్ల పొడి చెడింది. ఆ పొడితో చేసిన బ్యాటరీ సెల్ ఉబ్బి పేలింది." అంతే, రెండు ముక్కలు. మార్చి ఇరవైన విచారణ. అప్పటిదాకా గేటు లోపల అడుగు పెట్టొద్దన్నాడు. విచారణలో నీ మాటే నిలబడితే నలుగురం ఇక ఇళ్లకే. నావి పదకొండేళ్లు. ఆ తొమ్మిది వందల డిగ్రీల ఫర్నేస్ పక్కన నిలబడి నిలబడి నా ఎడమ చెంప కుడి చెంప కన్నా నల్లబడింది. మీ అన్నయ్యని అడుగు, చెప్తాడు.

సెల్ ఎవరి చేతిలో పేలిందో నీ రిపోర్టులో లేదు. నేను చెప్తాను. టెస్టింగ్ గదిలో పిన్ని చేతిలో పేలింది. ఫ్యాక్టరీ మొత్తానికి పిన్ని ఆవిడ. నువ్వు మొదటిసారి ఇక్కడికి చెప్పులేసుకుని వస్తే గేటు దగ్గర ఆపేశారు, గుర్తుందా? తన బూట్లు విప్పి నీకిచ్చి, నువ్వు తిరిగొచ్చేదాకా రెండు గంటలు స్టూలు మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. ఆ పిన్ని. కుడి అరచెయ్యి కాలింది. రెండు వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టర్లు చెప్పారు. నీలాంటి డాక్టర్లు కాదు, వైద్యం తెలిసిన డాక్టర్లు.

ఆ పొడి చేసే పద్ధతి నీది. నికెల్, మాంగనీస్, లిథియం ఎంతెంత కలపాలో, ఎంత వేడిలో ఎంతసేపు కాల్చాలో షెడ్యూల్లో నువ్వు రాసిచ్చావు. నువ్వు రాసింది రాసినట్టు చేశాం. జనవరి పద్నాలుగున శాంపిళ్లతో పాటు నీకో చీటీ కూడా పంపాను. చల్లార్చే ఫ్యాన్ల మోటారు కాలిపోయిన రోజు ట్రేలు లోపలే ఉండిపోయి నిదానంగా చల్లారాయనీ, తూచితే ఒక్కో ట్రే మామూలు కన్నా ముప్పై గ్రాములు ఎక్కువ తూగిందనీ, ఎందుకో చెప్పమనీ అడిగాను. నీ జవాబు ఒక్క ముక్క: "తూకం మిషను సరిచూసుకోండి."

అర్ధమొగుడు ఆడబిడ్డ అంటారు. ఇన్నేళ్లలో మొగుడు నన్ను ఒక్క మాట అనలేదు. అర్ధమొగుడివి నువ్వు నా కంచమే లాగేశావు.

ఫోన్ చెయ్యకు, ఎత్తను. ఫోన్లో అయితే పెద్ద పెద్ద మాటలతో నా నోరు మూయిస్తావు. కాగితం మీద రాయి.

నీ వదిన

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
ఫిబ్రవరి 26

వదిన గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. మీ బాధ నేను అర్థం చేసుకోగలను. అయితే కొన్ని విషయాలు స్పష్టం చేయవలసి ఉంది.

రిపోర్టు నేను ఇష్టమొచ్చినట్టు రాసింది కాదు. మూడు నెలల ఫర్నేస్ రిజిస్టరు తెప్పించుకుని ప్రతి పేజీ చూశాను. షెడ్యూలు తప్పినట్టు ఒకే ఒక్క రోజు కనిపించింది, జనవరి పన్నెండు. ఫ్యాన్లు తొమ్మిది గంటలు ఆగాయని మీ చేతిరాతతోనే ఉంది. ఒకరోజు తప్పినవాళ్లు మిగతా రోజుల్లో తప్పలేదని ఎవరు చెప్పగలరు?

ఇదే పొడిని నేను ఇక్కడ ఎనిమిదేళ్లలో రెండు వందల సార్లకు పైగా చేశాను. మామూలు బ్యాటరీల కన్నా ఎక్కువ ఓల్టేజీ తట్టుకోవాల్సిన సెల్స్ అవి. ఒక్కటీ ఉబ్బలేదు. అదే పద్ధతి అక్కడ చేస్తే ఉబ్బుతోంది. తేడా ఎక్కడుందో మీరే ఆలోచించండి.

కుటుంబం వేరు, ఉద్యోగం వేరు. వదిన అని చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు నన్ను ఎవరు నమ్ముతారు?

పిన్ని గారి విషయం చాలా విచారకరం. పండ్లు కొని ఇచ్చి రమ్మని అన్నయ్యకు చెప్పాను.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

ఫర్నేస్ క్వార్టర్స్
మార్చి 2

డాక్టరమ్మా,

నన్ను ఎప్పటినుంచి మీరు అంటున్నావు? పెళ్లయిన మర్నాడే "వదినా, నీ దువ్వెన ఇలా ఇవ్వు" అని లాక్కుపోయినదానివి. చదువుకున్నవాళ్లకి కోపమొస్తే మర్యాద పెరుగుతుంది కాబోలు. మాకు అలాంటి వసతి లేదు.

పండ్లు తెచ్చాడు మీ అన్నయ్య. పిన్ని ఒక పండు ఎడమ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. తొక్క తీయడానికి రెండో చెయ్యి కావాలి కదా. నేను ఒలిచి పెట్టాను. ఇంకెప్పుడైనా విచారకరం అనిపిస్తే ఒలిచిన పండ్లు పంపు.

మీ అన్నయ్య సంగతి అడగకు. నా ముందు "దానికి పొగరెక్కింది" అంటాడు, నీతో ఫోన్లో "మీ వదినది నోరు పెద్దది" అంటాడు. పక్క గదిలోంచి నాకు వినపడదనుకుంటాడు. గోడ మీద పిల్లికి కూడా ఏదో ఒక రోజు కాళ్లు నొప్పెడతాయి.

ఇప్పుడు నీ రిజిస్టరు సంగతి. పేలిన సెల్ మీద నంబరుంటుంది. ఆ నంబరు చూశావా? చూడలేదు, చూస్తే రిపోర్టు అలా రాయవు. అది ఫిబ్రవరి రెండో తారీఖు కాల్చిన పొడి. ఆ రోజు ఫ్యాన్లు నాలుగూ నిక్షేపంగా తిరిగాయి. షెడ్యూలు ఒక్క నిమిషం తప్పలేదు. ఫ్యాన్లు ఆగిన జనవరి పన్నెండు పొడితో నలభై సెల్స్ చేశారు. నలభైలో ఒక్కటీ ఉబ్బలేదు. మిగతా రోజుల పొడితో చేసినవి వందకి పది ఉబ్బుతున్నాయి. ఇది నేను చెప్పే లెక్క కాదు. పిన్ని తన టెస్టింగ్ పుస్తకంలోంచి ఎడమ చేత్తో, వంకర టింకర అక్షరాలతో రాసిచ్చింది. నకలు ఈ ఉత్తరంలో పెట్టాను.

అంటే నీ షెడ్యూలు తప్పిన ఒక్క రోజే పొడి బాగా వచ్చింది. ఆ తప్పిందేదో దాచకుండా నేను నిజం రాశాను. నువ్వు ఆ నిజాన్నే పట్టుకుని నా మెడకి చుట్టావు. రాయకుండా ఉంటే నీ రిపోర్టులో రాసుకోవడానికి ఏముండేది?

నీ పొడి రెండు వందల సార్లు బాగా వచ్చిందంటున్నావు. కాదనను. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనడం మానేసి నాకొక్క సంగతి చెప్పు. పన్నెండు గంటలు కాల్చాక నువ్వు ఏం చేస్తావు? పుస్తకంలో రాసింది కాదు. నువ్వు, నీ కాళ్లూ చేతులూ ఏం చేస్తాయో, గంట గంటకూ రాయి.

వదిన

*

ప్రయోగశాల
మార్చి 6

వదినా,

సరే, మర్యాద మానేస్తున్నాను.

నాకు పాఠాలు చెప్పడం ఆపు. ఎనిమిదేళ్లు కళ్లు పోగొట్టుకుని చేసిన పని ఇది. నువ్వు తూకం వేసి నాలుగు అంకెలు చూసుకుని నా పనిలో లోపం పట్టానంటావా? వచ్చే నెల నన్ను ఈ ప్రయోగశాలకు హెడ్డు చేస్తున్నారు. ఆ కుర్చీ కోసం నేను ఏమేం వదులుకున్నానో నీకూ తెలుసు, అన్నయ్యకూ తెలుసు. సరిగ్గా ఈ నెలలోనే నీకు ఇది గుర్తొచ్చింది.

సెల్ నంబరు చూశాను. నువ్వు చెప్పిన తారీఖే. దాన్నిబట్టి ఏమీ తేలదు. పొడి కలపడంలో తేడా ఉండొచ్చు, తేమ తగిలి ఉండొచ్చు, ఇంకేదైనా అయ్యుండొచ్చు.

గంట గంటకూ కావాలా? రాసుకో. చిన్న గిన్నెలో పది గ్రాములు పోసి ఫర్నేస్‌లో పెడతాను. టైమరు ప్రకారం తెల్లవారి ఐదింటికి తొమ్మిది వందల డిగ్రీలకు చేరుతుంది. సాయంత్రం ఐదుకి స్విచ్ ఆపుతాను. కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తాను. ఐదుంపావు బస్సెక్కి ఇంటికెళ్తాను. మర్నాడు తొమ్మిదికి వచ్చి ఫర్నేస్ తలుపు తీసి గిన్నె బయటికి తీస్తాను. తృప్తిగా ఉందా? బస్సులో ఏ సీట్లో కూర్చుంటానో కూడా రాయమంటావా?

*

ఫర్నేస్ క్వార్టర్స్
మార్చి 9

సీటు అక్కర్లేదు. టైము చాలు.

ఐదు నుంచి తొమ్మిది దాకా వేళ్లు మడిచి లెక్కపెట్టాను. పదహారు గంటలు. నీ పొడి పదహారు గంటలు మూసిన తలుపు వెనక నిదానంగా చల్లారింది. మా పొడి ఎంతసేపట్లో చల్లారుతుందో తెలుసా? గంటన్నర.

నీ షెడ్యూలు కాగితం నా ముందే ఉంది. "పన్నెండు గంటల తర్వాత వేడి ఆపి, చల్లారాక తీయాలి." ఎంతసేపట్లో చల్లారాలో రాయలేదు. ఇక్కడి ఫర్నేస్ నీ పెట్టెలాంటిది కాదు, వీధంత పొడుగుంటుంది. ట్రేలు రోలర్ల మీద ఒక చివర లోపలికెళ్లి రెండో చివర బయటికొస్తాయి. ఒకటి ఆగితే వెనక నూట ఇరవై ఆగుతాయి. చల్లారాక అన్న మాట చూసి మేనేజరు ఎంత తొందరగా చల్లారిస్తే అన్ని ట్రేలు ఎక్కువ అనుకున్నాడు. నాలుగు ఫ్యాన్లు పెట్టించాడు. అదే మాకు షెడ్యూలైంది.

నీ పొడిని ఇన్నాళ్లూ బాగుచేసింది నీ చదువు కాదు, ఐదుంపావు బస్సు. నువ్వు ఇంటికెళ్లిపోవడం కూడా ఆ పనిలో భాగమే. అన్నీ రాశావు, అదొక్కటి రాయలేదు. రాయాలని నీకు తోచలేదు. ఎందుకంటే ఆ టైములో నువ్వు అక్కడ లేవు.

నాకు అనిపించేది చెప్తాను. అంత వేడిలో పొడి తనలోంచి ఏదో వదిలేస్తోంది. నిదానంగా దిగితే మళ్లీ తీసుకుంటోంది. తొందరపెడితే తీసుకునే టైము లేదు. ఆ తీసుకోనిదే మా తూకంలో తగ్గుతున్న ముప్పై గ్రాములు. దాని పేరేంటో నీకు తెలియాలి. నీకు జీతమిచ్చేది అందుకే.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట. నువ్వు మద్దెలతో ఆగలేదు, వాయించేవాళ్ల చేతులు కూడా విరవబోయావు.

విచారణకి ఇంకా పదకొండు రోజులుంది.

*

ప్రయోగశాల
మార్చి 14

వదినా,

దాని పేరు ఆక్సిజన్.

నీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. చింపలేదు. మర్నాడు పొడి కాల్చి, వేడి మీదే బయటికి లాగి, టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఇంకో గిన్నె ఎప్పటిలాగే లోపలే వదిలేశాను. రెండూ తూచాను. తొందరపెట్టింది తక్కువ తూగింది. మీ ట్రేకి లెక్కగడితే ఇరవై తొమ్మిది గ్రాములు. రెండింటితో సెల్స్ చేసి ఎక్కువ ఓల్టేజీకి ఛార్జి చేశాను. తొందరపెట్టిన పొడి సెల్ రెండో రోజుకే దిండులా ఉబ్బింది. ఆక్సిజన్ తిరిగి తీసుకోని పొడిలోంచి మాంగనీస్ కరిగి బయటికొస్తుంది, లోపలి ద్రవం పాడై గ్యాస్ పుడుతుంది. నువ్వు చెప్పింది నిజం.

ఇప్పుడు కోపం పక్కన పెట్టి విను. నిన్న డైరెక్టరు గారితో మాట్లాడాను. మొత్తం చెప్పలేదు, కొంత చెప్పాను. విచారణలో నువ్వు "తెలియక పొరపాటు జరిగింది" అని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలన్నారు. నిన్ను తీసెయ్యరు, ప్యాకింగ్‌కి మారుస్తారు. జీతం అంతే. మిగతా ముగ్గురి సంగతి నా చేతిలో లేదు. వచ్చే నెల నేను హెడ్డునవుతాను. అవగానే షెడ్యూలు మార్చేస్తాను. ఇక ఎవరి చేతిలోనూ ఏదీ పేలదు. ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపక్కర్లేదు.

ఇప్పుడు నిజం చెప్తే నాకు ఆ కుర్చీ రాదు. నేను పోయి ఇంకొకడొస్తే వాడు షెడ్యూలు మారుస్తాడన్న నమ్మకం ఏంటి? కొంచెం ఆలోచించు. అన్నయ్య కూడా ఇదే మంచిదంటున్నాడు.

*

ఫర్నేస్ క్వార్టర్స్
మార్చి 17

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. చూశారా, నాకూ మర్యాద వచ్చింది.

తెలియనప్పుడు నువ్వు రాసిన రిపోర్టు మీద నాకు కోపం. తెలిశాక నువ్వు రాసిన ఉత్తరం మీద నాకున్నది కోపం కాదు. అసహ్యం. ఆ మాట రాయడానికి కలం ఆగింది, అయినా రాశాను.

నేను సంతకం పెట్టను. ప్యాకింగ్‌కి వెళ్లను. నాతో పాటు నిలబడినవాళ్లలో ఒకామె గర్భవతి, ఒకామె మొగుడు మంచం మీదున్నాడు, మూడో ఆమెకి ఏ కష్టమూ లేదు, అయినా ఆమె ఉద్యోగం ఆమెది. "వాళ్ల సంగతి నా చేతిలో లేదు" అని ఎంత తేలిగ్గా రాశావు. నీ రిపోర్టు రాసిన చెయ్యి ఎవరిది మరి?

జనవరి పద్నాలుగున నేను చీటీ రాశాను. పిన్ని చేతిలో పేలిన పొడి ఫిబ్రవరి రెండున కాల్చాం. మధ్యలో పంతొమ్మిది రోజులు. నువ్వు చేసిన పరీక్షకి ఎన్ని రోజులు పట్టింది? ఐదు.

ఈ లెక్క నువ్వు ఈపాటికే వేసుకుని ఉంటావు. వేసుకుని కూడా ఆ ఉత్తరం రాశావు.

మీ అన్నయ్యకి నీ ఉత్తరం చూపించి, నువ్వు కూడా ఇదే మంచిదన్నావట కదా అని అడిగాను. తల దించుకున్నాడు.

నీ ఉత్తరాలు దాచాను. మూడే ఉన్నాయి, కానీ చాలు. వాటిని విచారణలో బయటపెట్టగలను. పెట్టను. నా మొగుడి చెల్లెలివని కాదు. నువ్వు చెప్పాల్సింది నీ నోటితోనే చెప్పాలి. నేను బయటపెడితే నువ్వు దొరికిపోయినదానివవుతావు, అంతే. నాకు అది సరిపోదు.

*

ప్రయోగశాల
మార్చి 22

వదినా,

విచారణ గదిలో నువ్వు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అందుకని నువ్వు విన్నావో లేదో తెలియక మళ్లీ రాస్తున్నాను.

నేను చెప్పింది ఇది. ఎనిమిదేళ్లు ఆ పొడి చేశాను. వేడి ఎంతసేపట్లో దిగుతుందో ఒక్కసారీ కొలవలేదు. కొలవనిది షెడ్యూల్లో రాయలేదు. రాయనిదాన్ని ఫర్నేస్ వాళ్లు తప్పారని రిపోర్టిచ్చాను. వాళ్లు నేను రాసిందే చేశారు.

తర్వాత సొరుగులోంచి తెచ్చిన నీ చీటీ చదివాను. నువ్వు అప్పటికే లేచి బయటికెళ్లిపోయావు. అక్కడి నుంచి చెప్పింది నీకు తెలియదు. ఇది నీకు ఇంతవరకూ రాయలేదు కూడా. జనవరిలో నీ చీటీ చూసినప్పుడు తూకం తప్పయ్యుంటుందని నేను అనుకోలేదు. ఇందులో ఏదో ఉందని తెలిసింది. చూడాలనిపించింది కూడా. కానీ రెండు వందల సార్లలో నాకు కనపడనిది ఫర్నేస్ దగ్గర నిలబడే మా వదినకి కనపడిందంటే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అందుకే తూకం సరిచూసుకోమని రాశాను. ఈ మాట కమిటీ ముందు చెప్పాను. రాసుకుంటున్న ఆయన కలం ఆపి, ఇది కూడా రాయమంటారా అని అడిగాడు. రాయమన్నాను.

హెడ్డు పదవి ఇంకొకరికి ఇచ్చారు. నన్ను ఏం చేస్తారో ఇంకా తేలలేదు. చల్లార్చడం పదహారు గంటలని కొత్త షెడ్యూలు నిన్ననే పంపించాను. అది ఆపే అధికారం ఎవరికీ లేకుండా సంతకాలు చేయించాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. పిన్నిని చూడాలనుంది. రావచ్చా? లేకపోతే నా మాటగా నువ్వే చెప్పగలవా? నీకైతే ఎలా చెప్పాలో తెలుసు.

*

ఫర్నేస్ క్వార్టర్స్
మార్చి 27

నలుగురినీ మళ్లీ పనిలోకి తీసుకున్నారు. మొన్నటి నుంచి వెళ్తున్నాం. ఫ్యాన్లు పీకేశారు. "నీకు ఇంత తెలివుందని తెలియదే" అన్నాడు మేనేజరు. జనవరిలో మీకు చెప్తే నోరు మూసుకోమన్నది మీరే కదండీ అన్నాను.

నేను బయటికెళ్లిపోయింది నీ మీద కోపంతో కాదు. నువ్వు మొదటి మాట అనగానే నాకు ఏడుపొచ్చింది. ఆ గదిలో వాళ్ల ముందు ఏడవడం ఇష్టం లేక లేచాను. మిగతాది కూడా చెప్పావని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. చదివాక కోపం తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. తెలిసి కూడా చూడలేదన్నమాట. నిజం చెప్పావు గనక ఇప్పుడు అరవడానికి కూడా నాకు దారి లేకుండా చేశావు.

నీ ఉత్తరం తీసుకుని పిన్ని దగ్గరికెళ్లాను. మొత్తం చదివి వినిపించాను. నిన్ను తిడుతూనే చదివాను. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని విని, చివర్లో అంది:

"నా చెయ్యి గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు. నువ్వు మీ ఆడపడుచు మీద కేకలేస్తావు, అది నీకు జవాబిస్తుంది, కమిటీలో నలుగురు కూర్చుని రాసుకుంటారు. నాతో ఎవరూ మాట్లాడలేదమ్మా."

ఒలిచిన పండ్లు పంపమని నీకు రాసినప్పుడు నా బుద్ధికి నేనే మురిసిపోయాను. నీ మీద విసరడానికి ఆవిడ చెయ్యి నాకు బాగా పనికొచ్చింది. నెల రోజుల్లో ఒక్కసారైనా నొప్పెలా ఉంది పిన్నీ, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగానా అని గుర్తు చేసుకుంటున్నాను. అడగలేదు.

ఆదివారం పొద్దున పదింటికి రా. బస్టాండుకి నేనొస్తాను. దారిలో నీతో మాట్లాడను, అంత కోపం ఇంకా ఉంది. పిన్ని గుమ్మం దాకా తీసుకెళ్తాను. నీ తరఫున ఏమీ చెప్పను, నీ మీదా ఏమీ చెప్పను. ముందు నువ్వు లోపలికెళ్లు. నువ్వు బయటికొచ్చాక నేను వెళ్తాను.

వదిన